నాలుగో మాట దగ్గర

మూడో మాట చెబుతున్న పెద్దాయన ఇంకా ముగించలేదు. ఆయన ముగిస్తే తన వంతు. ముగించకపోతే బావుణ్ణని ఏంజలిన్ అనుకుంటోంది, అలా అనుకోవడం పాపమని కూడా అనుకుంటోంది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం సిలువ మీది ఏడు మాటలూ ఏడుగురు పంచుకుని చెప్పే ఆరాధనలో ఒక మాట తన చేతికి రావడమే గొప్ప, అందులోనూ నాలుగోది, తండ్రి తనని విడిచిపెట్టేశాడని కొడుకు అరిచిన మాట. వారం నుంచీ ఆ మాటని వంటింట్లో మనసులో తిప్పింది, గోల్‌బజారులో కూరలు ఏరుతూ తిప్పింది, పడుకుని ఫాను వంక చూస్తూ తిప్పింది. కొంచెం కొంచెంగా అర్థమవుతున్నట్టే ఉంది. అంతలో నిన్న సాయంత్రం గుడి పాస్టరు రిచర్డ్ అయ్యగారు ఇంటికొచ్చి, టీ తాగి, గ్లాసు కింద పెడుతూ అన్నారు: "ఒగ్గేసి ఎలిపోయినోళ్ళ గురించి కూడా రెండు ముక్కలు సెప్పమ్మా. మన మైకు అటేపే గదా తిరిగుంది. ఇననీ." అప్పట్నుంచీ నాలుగో మాట ముందుకి సాగడం లేదు. ఒగ్గేసి వెళ్ళిపోయినవాళ్ళలో తన చెల్లెలు ఉంది.

చెల్లెలు ఇప్పుడు ఎంతో దూరాన లేదు. ఈ గుడి తలుపు తీస్తే ఖరిదా వైపు పోయే రోడ్డు, రోడ్డుకి అవతల గణపతిరావు టీ కొట్టు, కొట్టు వెనక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో సొలొమోను అయ్యగారి సంఘం. అక్కడా ఇవే ఏడు మాటలు, ఇదే ఎండ. వాళ్ళ మైకు గొట్టం ఈ గుడి వైపుకి, వీళ్ళది ఆ షెడ్డు వైపుకి, రెండూ రెండు కోడిపుంజుల్లా మెడలు చాచి ఒకదాని మొహంలో ఒకటి కూస్తుంటాయి, మధ్యలో పోయే టోటో రిక్షాల వాళ్ళు చెవి మీద చెయ్యి పెట్టుకుని పోతారు. గణపతిరావు హిందువు, వాళ్ళ తాత టెక్కలి పక్క నుంచి రైల్వే వర్క్‌షాపు పనికొచ్చిన మనిషి, ఎవరి పక్షమూ కాదు, రెండు వైపులకీ టీ పోస్తాడు. ఒకరోజు పాలు పొంగిస్తూ అడిగాడు, "ఏటప్పా, మీ దేవుడు ఒక్కడే గదేటి, రెండు మైకులెందుకు? ఆయనకి సెముడా?" తను నవ్వేసి వచ్చింది గానీ దారంతా ఆ నవ్వు చేదుగానే ఉంది. పిల్లలు కూడా నేర్చేసుకున్నారు, వీధిలో కొత్త పిల్ల కనబడితే నువ్వు ఏ అయ్యగారోళ్ళ పిల్లవి అని అడుగుతున్నారు, రిచర్డ్ అయ్యగారోళ్ళమనో సొలొమోను అయ్యగారోళ్ళమనో చెబితే గానీ ఆటలోకి రానివ్వరు. క్రీస్తు వాళ్ళమని ఎవరూ చెప్పరు. అలా చెబితే వాళ్ళకి ఏ పక్కో అర్థం కాదు.

ఫానుల గాలి వేడిగా దిగుతోంది, బ్లౌజు వీపుకి అతుక్కుంది, ముందు బెంచీలో ఎవరో చీర చెంగుతో విసురుకుంటున్నారు. ఏంజలిన్ తల పైకెత్తి దూలాల వంక చూసింది. దూలాలు కావవి, పాత రైలు పట్టాలు, తాతల కాలంలో కంపెనీ పారేసిన పట్టాలు అడిగి తెచ్చి పైకెత్తారు, వాటి మీదే ఈ పెంకుటి కప్పు. వర్క్‌షాపు సైరను కూశాక నూనె చేతులు తుడుచుకుని నేరుగా ఇక్కడికొచ్చి ఇటుకలు మోశారని నాన్న చెప్పేవాడు, అప్పుడు తెలుగులో పాడుకోడానికి ఈ బెంగాలీ ఊరు మొత్తంలో ఒక చోటు లేదట, మన మాటలో ఒక్క పాట పాడుకోవాలని కట్టుకున్నారట. ఈ బెంచీల మధ్యే తనూ చెల్లెలు మీనా పెరిగారు. మీనాకుమారి. తన కంటే చిన్నది, తన కంటే పొడుగు, తన పాత గౌన్లు ఎప్పుడూ దానికి మోకాళ్ళ పైకే ఉండేవి. పాటల్లో తనది మొదటి గొంతు, మీనాది రెండో గొంతు, కింద నుంచి మోసే గొంతు. రెండో గొంతు ఒక్కర్తే పాడితే అది పాటలా ఉండదు, ఏదో దారి తప్పినట్టు ఉంటుంది. క్వార్టర్లో దీపం లేని సాయంత్రాల్లో మీనా ఒక్కర్తే అలా సాధన చేస్తుంటే అమ్మ నవ్వేది, "దాని పాటకి సగం నీ దగ్గిరుంది, పోయి కలుపవే" అనేది.

సగం తన దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడు మొదలైంది ఈ గొడవ అని ఎవరినైనా అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు, ఈస్టరు నాడు ప్రభు బల్ల రొట్టె ఎవరివ్వాలన్న దగ్గర అంటారు కొందరు, గుడి తాళంచెవి దగ్గర అంటారు మరికొందరు, తనకి మాత్రం గుర్తున్నది సంఘం మీటింగులో జెఫ్రీ లేచి నిలబడ్డం. జెఫ్రీ, తన పెనిమిటి, నోరున్న మనిషి, అప్పటికి ఇక్కడే ఉన్న సొలొమోను పక్షం. అంతమందిలో రిచర్డ్ అయ్యగారిని పేరు పెట్టి అనరాని మాటలన్నాడు, చొక్కా కూడా పట్టుకున్నాడు. తర్వాత ఏడాది తిరక్కుండా జెఫ్రీకి కడుపులో జబ్బు వచ్చింది. రైల్వే ఆసుపత్రి వరండాలో తను ఒక్కర్తే కూర్చుని ఉంటే, ఎవరూ పిలవకుండా, రిచర్డ్ అయ్యగారు సైకిల్ మీద వచ్చారు.  జెఫ్రీ కక్కుతుంటే మంచం పక్కన కూర్చుని గిన్నె పట్టుకున్నారు, కడిగి తెచ్చి మళ్ళీ పట్టుకున్నారు, తెల్లారేదాకా. పోయేముందు జెఫ్రీ ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆ చెయ్యి చూశాక తను ఇంకెవరి పక్షాన ఉంటుంది? ఆయన చెప్పింది వేదమైంది. ఆయన వద్దంటే వద్దు, మీనాతో మాట్లాడొద్దంటే మాట్లాడలేదు.

మరి మీనాకి మాత్రం కారణం లేదా. దాని కొడుకు ఎరిక్‌కి చిన్నప్పుడు మూర్ఛలొచ్చేవి, బడిలో ఉంచుకోం అన్నారు, పలక పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. సొలొమోను అయ్యగారు సుభాష్‌పల్లి నుంచి రోజూ నడిచొచ్చి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు, మూర్ఛ వస్తే ఒళ్ళోనే పట్టుకునేవాడు, తగ్గాక మళ్ళీ పలక. ఎరిక్ ఇప్పుడు పార్సిల్ ఆఫీసులో పని చేస్తున్నాడు. మీనా ఎలా వదులుతుంది ఆయన్ని? ఇద్దరూ మంచివాళ్ళే అయితే మేమెందుకు విడిపోయాం, ఏంజలిన్ ఈ ప్రశ్న దగ్గరికి ఎప్పుడొచ్చినా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. ఇప్పుడు వెళ్ళిపోవడానికి చోటు లేదు. మూడో మాట పెద్దాయన "చివరిగా" అన్నాడు. మొన్న చేపల బజారులో మీనా ఎదురైంది. ఇద్దరూ ఒకే చేప మీద చెయ్యి వేశారు. దాని చేతి వేళ్ళు అమ్మ వేళ్ళు. ఇద్దరూ చేతులు తీసేసుకున్నారు, చేపలమ్మే దీదీ ఇద్దరి వంకా చూసి అది మూడో మనిషికి ఇచ్చేసింది.

"ఇప్పుడు సోదరి ఏంజలిన్ గారు నాలుగో మాట" అని ఎవరో అన్నారు. ఆవిడ లేచింది.  మైకు దాకా నడిచి, దాన్ని పట్టుకుని, నోరు తెరవబోతూ ఎదురుగా తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూసింది, చూస్తే ఎండ లేదు.

ఎండ లేదంటే మబ్బు పట్టడం కాదు. వాయవ్యం మూల నుంచి ఆకాశం నల్లగా, నేరేడు పండు తొక్కలా నల్లగా, నేల దాకా దిగి వస్తోంది, దాని ముందు ఎర్రమట్టి గోడలా లేచి పరిగెత్తుతోంది. రోడ్డు మీద టోటోవాడు ఒకడు బండి వదిలేసి "ఝొడ్ ఆస్ఛే! ఝొడ్!" అని, గాలివానొస్తోందని బెంగాలీలో అరుస్తూ పోతున్నాడు. ఏటా ఎండాకాలం వచ్చే గాలివానే, కాల్‌బైశాఖి, ఎప్పుడూ సాయంత్రాలు వస్తుంది, మధ్యాహ్నం ఇలా రావడం ఆవిడ చూడలేదు. ముందు ఒక నిశ్శబ్దం. కాకులు కూడా లేవు. ఎదుటి షెడ్డులో మైకు మీద ఎవరిదో గొంతు ఒక మాట మధ్యలో ఉంది, ఆ మాట పూర్తి కాలేదు, ఇక్కడ ఫానులు ఆగాయి, తన చేతిలో మైకు చచ్చిపోయింది, కరెంటు పోయింది. ఆ తర్వాత గాలి కొట్టింది. నలుగురు పరిగెత్తి తలుపులు మూసి గడియ వేశారు. లోపల ఎవరి మొహం వాళ్ళకి తెలియనంత చీకటి. పట్టపగలు, ఈ పూట, ఈ మాట దగ్గర. సిలువ వేసిన ఆ రోజు కూడా మధ్యాహ్నం నుంచి చీకటి కమ్మిందని చిన్నప్పటి నుంచీ వింటోంది, వినడం వేరు. ఏంజలిన్ ఒళ్ళు జలదరించింది. భయమా అంటే భయమే, కానీ గాలికి కాదు. ఎవరో చాలా పెద్దవాళ్ళు గదిలోకి వచ్చినప్పుడు చిన్నపిల్లలు ఆట ఆపేసి నిలబడతారే, అలా నిలబడిపోయింది. తను చెప్పాలని దాచుకున్న రెండు ముక్కలూ ఎంత చిన్నవో, ఎంత నీచమైనవో ఆ చీకట్లో కనబడ్డాయి.

పైన పెంకులు గలగలలాడుతున్నాయి, ఒకటి రెండు జారి కింద పడి పగిలాయి, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అప్పుడు ఎదుట నుంచి ఒక చప్పుడు, ఇనప్పెట్టెని ఎవరో చేతులతో చింపినట్టు, ఆపైన అరుపులు. షెడ్డు రేకులు లేచిపోయాయి. అది అర్థమయ్యేలోపే తలుపు మీద దెబ్బలు. ఒక చెయ్యి కాదు, ఎన్నో చేతులు. "తీయండి! తలుపు తీయండి, పిల్లలున్నారు!"

"తీయొద్దు!" రిచర్డ్ అయ్యగారి గొంతు. "ఎవులూ తీయొద్దు! ఈ గాలి లోనికొచ్చిందంటే కప్పు లేపేస్తాది, అందరం పోతాం!"

ఆయన అన్నది అబద్ధం కాదు. కప్పు కింద ఇంతమంది ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు, ఆయన మీద బరువుంది. ఎవరూ కదల్లేదు. ఆయన మాట కాదనడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు, ఏంజలిన్‌కి అసలే లేదు. ఆ తలుపు అవతల మీనా ఉంది, లేకపోతే రేకు కింద ఉంది. రేకు కింద ఉందేమో అన్న ఆలోచన రాగానే కాళ్ళు వాటంతట అవే నడిచాయి, బెంచీలు తగులుతున్నా నడిచాయి. తలుపు దగ్గర ఎవరో ఫోన్‌లో టార్చి వేసి పట్టుకున్నారు, ఆ వెలుగులో అయ్యగారు గడియ మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నారు. ముసలాయనైపోయారు, ఎప్పుడు ముసలాయనైపోయారో తను గమనించనేలేదు. 

"అయ్యగారూ," అంది ఏంజలిన్, తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "మా ఆయన అంతమందిలో మిమ్మల్ని తిట్టినాడు. సొక్కా పట్టుకున్నాడు. అయినా మీరొచ్చి ఆయన గిన్ని పట్టుకున్నారు. ఆ సెయ్యే గదా ఇది?"

ఆయన ఆవిడ వంక చూశారు. తలుపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

"ఆ సెయ్యితోనే తీయండి, బాబూ."

ఆయన అడ్డం పెట్టిన చేత్తోనే గడియ పైకి లాగారు, బిగుసుకుపోయింది, ఏంజలిన్ కూడా చెయ్యి వేసింది. గడియ ఊడి కింద పడింది, తలుపు వచ్చి ఇద్దర్నీ గోడకి కొట్టింది, గాలీ వానా మట్టీ మనుషులూ ఒక్కసారిగా లోపలికొచ్చి పడ్డారు. పైన పట్టాలు మూలిగాయి. పెంకులు ఒక వరస ఎగిరిపోయి ఆకాశం ముక్క కనబడింది, అందులోంచి నీళ్ళు ధారగా పడ్డాయి. కప్పు మాత్రం నిలబడింది. తాతల పట్టాలు అలాగే ఉన్నాయి. చివర్లో సొలొమోను అయ్యగారు వచ్చాడు, నుదుటి మీద రక్తం, వీపు మీద గణపతిరావు తల్లి ముసలి చిట్టెమ్మ, "ఓలమ్మో, నన్ను దించండి బాబూ, నేను మీ మతం కాదు" అని ఏడుస్తోంది, వెనక గణపతిరావు టీ కెటిలు చేత్తో పట్టుకునే వచ్చాడు. తలుపు మూద్దామంటే గడియ లేదు. రిచర్డ్ అయ్యగారు వీపు ఆనించి తోస్తున్నారు, ఆయన ఒక్కరి వల్ల కావడం లేదు. సొలొమోను ముసలమ్మని బెంచీ మీద దించి, వెనక్కి వచ్చి, ఆయన పక్కన తనూ వీపు ఆనించాడు. తలుపు మూసుకుంది. ఇద్దరూ కాళ్ళు నేలకి తన్నిపట్టి, భుజం భుజం ఒరుసుకుని అలా నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకోడానికి తీరిక లేదు, ఎవరు కాస్త సడలినా గాలి తలుపుని లోపలికి తోస్తోంది.

ఏంజలిన్ చీకట్లో వెతుకుతోంది. తడిసిన భుజం తగిలితే పట్టుకుని "మీనా?" అంటోంది, కాదంటే వదిలేస్తోంది. తడిసినవాళ్ళు అటువాళ్ళు, పొడిగా ఉన్నవాళ్ళు ఇటువాళ్ళు అనుకుందామంటే అదీ లేదు, పైనుంచి పడే ధార అందరినీ తడిపేసింది. ఎవరి బిడ్డో తన కాళ్ళని కరుచుకుంటే ఎత్తుకుంది, ఎవరి పిల్లో తెలియదు. "మీనా!" ఎవరూ పలకలేదు. రేకు కింద. రేకు కిందే ఉండిపోయింది. ఆ చేప దగ్గరైనా ఒక మాట మాట్లాడి ఉంటే. ఒక్కటి. చేప నువ్వే తీసుకోవే అన్న మాటైనా.

అప్పుడు వినబడింది. గుడి ఆ చివర, వానహోరులో మునిగి తేలుతూ, ఎవరో ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పాడుతున్నారు. అమ్మ ఇల్లు ఊడుస్తూ పాడే సిలువ పాట. కానీ అది పాటలా లేదు, దారి తప్పినట్టుంది, కింద కింద నుంచి ఒక్కర్తే వెళ్తోంది. రెండో గొంతు. ఈ లోకంలో ఆ పాటని అలా మొదలుపెట్టే మనిషి ఒక్కర్తే ఉంది. ఏంజలిన్ చంకలో ఎవరి బిడ్డో ఉండగా, నిలబడ్డచోటు నుంచే, మొదటి గొంతు కలిపింది. ఒక చరణం ఇద్దరిదే. తర్వాత ఎవరో కలిపారు, మరెవరో, చీకట్లో నలుమూలల నుంచీ, మైకు లేదు, గొట్టం లేదు, వాన కంటే పైకి లేచింది పాట. ఎక్కడ ఇటువాళ్ళ గొంతు ఆగి అటువాళ్ళది మొదలవుతోందో చెప్పడం ఎవరి వల్లా కాదు. తలుపుకి ఆనిన ఇద్దరి గొంతులూ ఉన్నాయి అందులో. ఏంజలిన్ పాడుతూనే ఏడుస్తోంది, ఏడుస్తూ ఆశ్చర్యపోతోంది. ఇది ఎక్కడిది? మనం ఇన్నేళ్ళు ముక్కలు చేస్తుంటే ఇది ముక్కలవకుండా ఎక్కడ ఉంది? మనం చేసింది కాదిది, మనకి చేతనైంది కాదు. మనం పుట్టకముందే ఉన్నదేదో వచ్చి మన మధ్యన నిలబడింది.

గాలి వచ్చినట్టే పోయింది. వాన నెమ్మదించి, పెంకులు పోయిన చోట నుంచి తెల్లటి వెలుగు దిగింది. ఎవరూ బయటికి పరిగెత్తలేదు. చిట్టెమ్మకి ఎవరో పొడిచీర కప్పారు, సొలొమోను నుదుటికి రిచర్డ్ అయ్యగారి భార్య రుమాలు కట్టింది, పిల్లల్ని లెక్క చూసుకున్నారు, అందరూ ఉన్నారు. రిచర్డ్ అయ్యగారు తలుపు దగ్గర కింద కూలబడి ఆయాసపడుతూ, "అమ్మా ఏంజలిన్," అన్నారు. "నాలుగో మాట నీదే గదా."

బిడ్డని తల్లికిచ్చి, ఆవిడ ముందుకెళ్ళి నిలబడింది. మైకు పక్కకి జరిపింది. ఎదురుగా అందరూ ఒకే రంగు, ఎర్రమట్టీ నీళ్ళూ. ఆ చివర బెంచీలో మీనా తలెత్తి చూస్తోంది, మొహాన జుట్టు అంటుకుని.

"నా దేవా, నన్నెందుకు ఒగ్గేసినావని ఆయన అడిగినాడు," అంది ఏంజలిన్. ఆగింది. "అడిగినాడు. మనం ఒకలినొకలం ఒగ్గేసినాం. ఎందుకని ఒకలూ అడగనేదు. నేనూ అడగనేదు." ఇంకేదో ఉంది, రాలేదు. "అంతే," అని వచ్చి కూర్చుంది.

చూరు నుంచి ఇంకా నీళ్ళు పడుతున్నాయి. రేపు మళ్ళీ గొట్టాలు కడతారేమో, షెడ్డు మళ్ళీ వేస్తారేమో, ఆవిడకి తెలియదు. ఇప్పుడు మాత్రం అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకే బెంచీల మీద ఉన్నారు.

"ఐదో మాట ఎవులిది?" అన్నారు రిచర్డ్ అయ్యగారు.

ఇటువైపు ఐదోది, దాహమవుతోందన్న మాట, అనిల్ కుమార్‌ది, అతను సగం లేచాడు. సొలొమోను అయ్యగారు గొంతు సవరించుకుని, నేల వంక చూస్తూ, "మా ఏపు మీనమ్మదండి" అన్నాడు.

అనిల్ కుమార్ ఆయన వంకా ఈయన వంకా చూసి, మెల్లిగా కూర్చున్నాడు.

"రామ్మా మరి," అన్నారు రిచర్డ్ అయ్యగారు. "సెప్పు."

మీనాకుమారి లేచి, నీళ్ళు కారే చెంగు పిండుకుని, బెంచీల మధ్య నుంచి ముందుకి నడిచింది. అక్క పక్క నుంచి వెళ్తూ ఆగలేదు, తడి చెయ్యి ఒకసారి ఆవిడ భుజం మీద వేసి వెళ్ళింది. ముందు నిలబడి, అందరినీ చూసి, నోరు తెరిచింది. ఏంజలిన్ బెంచీ మీద ఒక మనిషి పట్టేంత పక్కకి జరిగి కూర్చుంది.